మొరం మీద బతుకమ్మ

మా మేనత్త పోయింది. గద్వాలలో ఉన్న నాకు తమ్ముడు పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, అత్త లేదే" అన్నాడు. ఆ నోరు మూతపడిందంటే నమ్మబుద్ధి కాలేదు. వనపర్తి చివర, మా పుట్టింటి వాడలో పొద్దు పొడిచేదే అత్త గొంతుతో. కోడిని తిట్టేది, పాలవాణ్ణి తిట్టేది, నన్నయితే అన్నం పెడుతూ తిట్టేది. "తిను! పుల్ల లెక్క అయినవ్. గాలొస్తే ఎగిరిపోయి పెబ్బేరు సంతల పడ్తవ్."

వాడ వెనక కుంట ఉంది. చిన్నదే. కానీ మా బోర్లలో నీళ్లకు అదే ఆధారం, నీటికోళ్లు గుడ్లు పెట్టేదీ ఆ తుంగలోనే. ఎవరో అది మాదంటూ వచ్చి, ప్లాట్లు చేయడానికి టిప్పర్లతో మొరం మట్టి పోయించసాగారు. వాడవాళ్లు అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. అత్త మాత్రం "కుంటకు నోరు లేదు, నాకున్నది కద" అని టిప్పర్ల వెంటబడి తిట్టేది. తిట్లకు టిప్పర్లు ఆగుతాయా?

ఆ ఏడు బతుకమ్మ పండక్కి నేనూ పుట్టింటికి వచ్చాను. ఏటా నీళ్లలో వదిలే చోట మొరం కుప్పలున్నాయి. ఎవరో నీళ్ల తొట్టి తెప్పిద్దామన్నారు. అత్తకు ఒళ్లు మండింది.

"గౌరమ్మను తొట్ల ఏస్తరా? సిగ్గుండాలె! నా బతుకమ్మ ఈడ్నే ఉంటది. నీళ్లే దీని తానకు రావాలె."

అని, సరిగ్గా టిప్పర్లు తిరిగే దారిలో మొరం మీద పెట్టేసింది. ఆమె వెనకే మేమందరం పెట్టాం.

మర్నాడు వచ్చిన టిప్పర్ డ్రైవర్ పక్క వాడ అతనే. దిగి, పూలు చూసి, తల గోక్కున్నాడు.

"అవ్వా, జర తియ్యరాదే. ఓనర్ పరేషాన్ చేస్తుండు."

"నేను వద్దన్ననా బిడ్డా? పోనియ్యి నీ బండిని. ఇంటికి పోయి మీ అమ్మకు మొఖమెట్ల చూపిస్తవో చూస్త."

"గౌరమ్మ మీదికెల్లి నేను పోనియ్య" అని అతను బండి తిప్పుకుని పోయాడు. తరవాత వచ్చినవాళ్లూ అంతే. పూలు వాడగానే అత్త మళ్లీ పేర్చేది. పండగ అయిపోయినా మానలేదు. తంగేడు దొరక్కపోతే బంతిపూలు పెట్టేది. ఈలోగా అర్జీలు కదిలాయి, కొలిచేవాళ్లు వచ్చారు, కుంట కుంటేనని తేలింది. మొరం ఎత్తించారు. నీళ్లొచ్చే కాలువ పూడిపోయి ఉంటే వాడంతా పారలు పట్టి తీసింది. గట్టు మీద కూర్చుని అత్త అందరికీ చాయ్ పోసింది, అందర్నీ తిట్టింది.

అత్త పోయిందని ఈ ఏడు మా ఇంట్లో పండగ లేదు. గట్టున దూరంగా నిలబడ్డాను. ఒక్క తిట్టయినా వినపడని కుంటను చూసి ఏడుపొచ్చింది. అంతలో ఆ డ్రైవర్ నెత్తిన పెద్ద బతుకమ్మతో వచ్చాడు.

"అవ్వ పేరు మీద మా అమ్మ పేర్చింది అక్కా" అన్నాడు.

ఒకప్పుడు తాను మొరం దించిన చోటుకే నడిచాడు. నీళ్లు మోకాళ్లు దాటాయి, నడుము దాటాయి, ఛాతీ దాకా వచ్చాయి. ముందుకు కాలు చాపి చూసి, వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు.

"అక్కా, ఇగ కాలు అందుతలేదు!"

బతుకమ్మను అక్కడే వదిలాడు. అది మెల్లగా తిరుగుతూ, తుంగ దాటి, లోతుకు పోయింది.