ఆది జాకెట్టు

ఇదొక మహాకావ్యం. ఇందులో మూడు పట్టణాలున్నాయి, ఒక నదిని దాటడం ఉంది, ఒక నిధిని తేవడం ఉంది. కాకపోతే నదిని బస్సులో దాటాను, అందులో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ. నిధి మా అమ్మ పాత జాకెట్టు. కాబట్టి మహాకావ్యం కాదు, క్షమించాలి.

మేముండేది ప్రొద్దుటూరు. వీధికి నలుగురు దర్జీలున్న ఊరు. అయినా అమ్మ జాకెట్లు తన పుట్టినూరు జమ్మలమడుగులోనే, చిన్ననాటి స్నేహితురాలి దగ్గరే కుట్టించుకునేది. కొలతలకని ఒక పాత జాకెట్టు, ఆది జాకెట్టు, ఎప్పుడూ అక్కడే ఉండేది. అమ్మ పోయాక అక్కడే ఉండిపోయింది. దాన్ని తెచ్చే పని నాది.

నేను మిగతా పనులన్నీ చేశాను. పక్కింటాయన ఆధార్‌లో ఫోన్ నంబరు మార్పించాను. ముఖం తెలియని వాళ్ల పెళ్లిలో సాంబారు వడ్డించాను. అవీ అయిపోతే పులివెందులలో అక్క ఇంటికి పోయి ఫ్యాన్లు తుడిచాను.

“నిన్న తుడిచిన ఫ్యానే మల్లా తుడుస్తాండావేందిరా?” అంది అక్క.

“దుమ్ము పడిందక్కా.”

“దుమ్ము సంగతి నాకిడ్సిపెట్టు. అమ్మ జాకెట్టు తెచ్చినావా?”

“పనుండె.”

అక్క నా కిందనుంచి స్టూలు లాగలేదు గానీ, లాగే చూపు చూసింది. మధ్యాహ్నం జమ్మలమడుగు బస్సు తనే ఎక్కించింది.

అమ్మ స్నేహితురాలు, దర్జీ అత్త, మిషను ఆపకుండానే పలకరించింది.

“రాప్పా, పెద్దాఫీసరూ! మూడుతూర్లు ఫోన్ చేస్తి, మూడుతూర్లూ పనుందంటివి.”

“శానా పనుండె అత్తా.”

“మీయమ్మా ఇంతే. మీ తాత పోయినప్పుడు ఈడికొచ్చి ఏదన్నా పనియ్యమనె. పొద్దంతా హుక్కులు కుట్టి, ఆనెక ఏడ్చింది.”

“పనిమంతురాలే.”

“ఏం పనితనం! హుక్కులన్నీ వంకరే. పీకి మల్లా నేనే కుట్టుకుంటి.”

జాకెట్టు నా చేతిలో పెట్టింది. తిరగేసి చూశాను. అమ్మ ఒళ్లు చేసినప్పుడల్లా విప్పిన కుట్ల తాలూకు సూది గుర్తులు రెండు వరసలు. వాటికన్నా లోపలగా, బాగా లోపలగా, కొత్త దారంతో ఇంకో వరస. అది ఆఖరి ఏడాదిది. ఆసుపత్రి కాగితాలన్నీ పట్టుకుని తిరిగింది నేనే. అమ్మ ఇంత చిక్కిందని మాత్రం చూడలేదు. పనుండె.

“ఏడువప్పా,” అంది అత్త. “మిషను చప్పుడుకు ఎవురికీ వినపడదులే.”

కాసేపటికి తలెత్తి చూస్తే సూది కింద గుడ్డ లేదు. ఖాళీ మిషను తొక్కుతోంది. నా కోసం ఎవరూ అంత పనికిరాని పని చేయలేదు. అంత మేలూ చేయలేదు.

“కుట్టే హుక్కులేమన్నా ఉండాయా అత్తా?” అన్నాను, ముక్కు తుడుచుకుని.

“వద్దు నాయనా. మీయమ్మవే చాలు.”

ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేశాను. ఏ పనీ లేకుండా అరగంట అమ్మ గురించే మాట్లాడుకున్నాం.

ఆ జాకెట్టు విడిగా ఉతకాలి. ఇప్పటికీ రంగు దిగుతుంది.