పడుడు నేర్పిన పహిల్వాన్

అది ఎనభైల ఆఖరు. అరబ్బు దేశంల నేను బిల్డింగుల పనికి పోయిన అల్ సువైక్‌ల టాక్సీ ఎక్కితే పక్కన ఒక ముసలాయన. చెవులు నలిగి ముద్దలైనయి. హైదరాబాద్‌ల కుస్తీలు పట్టినోడట, ఇప్పుడు ఖర్జూర తోటకు వాచ్‌మన్.

“జవానీల ఒక అమెరికా పహిల్వాన్ వెంట ఊరూరు తిరిగిన బేటా. పైసలు తీస్కొని ఓడుడే ఆయన డ్యూటీ. ఎన్ని ఏండ్లు పడ్డా ఒక్క బొక్క ఇరగలే. పడుడెట్లనో నాకు నేర్పిండు.”

గడ్డం ఛాతీకి ఆనిచ్చి, రెండు అరచేతులతోని సీటును చరిచి చూపిచ్చిండు.

“మీ పిల్లలకు నేర్పినారా చాచా?” అన్న నేను.

“కొడుక్కు గెల్సుడే నేర్పిన. మొన్న సైట్‌ల అయిదో అంతస్తు మీదికెళ్లి పడ్డడు.”

ముసలాయన సోహార్ ఆస్పత్రి కాడ దిగి, శవాల గది ఎటని అడుగుకుంట పోయిండు.

అంత ఎత్తు నుంచి పడ్డోన్ని ఏ విద్యా కాపాడదని నాకెరుకే. అయినా ఆ దేశంల పనిచేసినన్ని ఏండ్లు, పరంజా ఎక్కే ముందు గడ్డం ఛాతీకి ఆనిచ్చుకునేటోన్ని.