ముందు ఎవరికి పోసింది

మాది పుత్తూరు. కాలో చెయ్యో విరిగినవాళ్ళు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో మా ఊరికి వస్తారు. బస్సు దిగి దారి అడిగితే మావాళ్ళు దగ్గరుండి ఆటో ఎక్కిస్తారు, మంచినీళ్ళిస్తారు, ఎలా పడ్డావు ఏమిటని కథంతా అడిగి తెలుసుకుంటారు. పరాయివాళ్ళంటే మా ఊరికి భయం లేదని చాలాకాలం అనుకున్నాను. విరిగిన ఎముక పక్కవాడికి అంటుకోదు కాబట్టి లేదు, అంతే. ఆ సంగతి నాకు నలభై దాటాక తెలిసింది.

మా మేడ మీద ఒక గది, వంటకు చిన్న చోటు ఉన్నాయి. ఒడిశా నుంచి వచ్చిన ఒక జంట అందులో అద్దెకు దిగింది. అతను శ్రీ సిటీలో ఏదో ఫ్యాక్టరీలో పని చేసేవాడు. తెల్లారకముందే కంపెనీ బస్సు వీధి చివరికి వచ్చి ఎక్కించుకుపోయేది. ఆమె ఇంట్లోనే ఉండేది. వాళ్ళు మాట్లాడుకునేది ఒడియా అయినా మా వీధికి వాళ్ళు హిందీవాళ్ళు. ఇటు తిరుత్తణి దాటితే అరవవాళ్ళు, అటు విజయవాడ దాటితే హిందీవాళ్ళు. మా భూగోళం అంతే.

మా పాపకు అప్పుడు ఎనిమిదేళ్ళు. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి పడేసి మేడెక్కేది. ఆమెను పిన్నీ అనేది. ఆమెకు తెలుగు నేర్పింది మా పాపే, నన్ను అక్కా అని పిలవమని చెప్పిందీ అదే. ఆమెకు ఐదో నెల అని నాకంటే ముందు దానికే తెలుసు.

మార్చిలో పాపకు జ్వరం వచ్చింది. మూడో రోజుకు వీపు మీద నీటిపొక్కులు తేలాయి. చూడగానే మా అత్త చేతులు జోడించింది. అమ్మవారు పోసింది. డాక్టరు దాన్ని చికెన్‌పాక్స్ అన్నాడు, పొక్కులు ఎండేదాకా ఎవరి దగ్గరికీ పంపొద్దన్నాడు. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. లేరన్నాను. ఇంట్లో లేరు కదా, మేడ మీద ఉన్నారు.

అమ్మవారు పోస్తే మా వైపు గేటుకు వేపమండ కడతారు. అది చూసి బయటివాళ్ళు లోపలికి రారు, ఇంట్లోవాళ్ళు ఎవరింటికీ పోరు. పొక్కులు ఎండి తలకు నీళ్ళు పోసేదాకా పొయ్యి మీద తాళింపు పెట్టరు. నూనెలో ఆవాలు చిటపటమంటే అమ్మకు కోపమొస్తుందని నమ్మకం.

నేను గేటుకు మండ కట్టలేదు. ఇంట్లో దోసెపిండి రుబ్బి అమ్ముతాను. మా ఆయన లారీ మీద పోతే పది పదిహేను రోజులకు గానీ రాడు. అంతకుముందు ఏడాది ఎదురింట్లో పూలమ్మే ఆమె తన బిడ్డకు పోస్తే మండ కట్టింది. బిడ్డకు తగ్గింది, మండ తీసేసింది. అయినా ఆర్నెల్లు ఆమె దగ్గర మూర పూలు కొన్నవాళ్ళు లేరు. నేనూ కొనలేదు. అందుకే మండ తెచ్చి పాప మంచానికి కట్టి, తలుపు దగ్గరగా వేశాను. బడికి జలుబని చెప్పాను.

అంతటితో ఆగలేదు. మా వీధి ఆడవాళ్ళు ఎవరింట్లో ఏం కూరో గాలి పీల్చి చెప్పేస్తారు. రెండు రోజులు తాళింపు వాసన రాకపోతే ఏమిటి సంగతని గేటు దగ్గరికొస్తారు. కాబట్టి రోజూ పొద్దున్నే కిటికీ తెరిచి, కూర ఉన్నా లేకపోయినా, నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయలు వేయించాను. మా అత్త ఆ ఘాటుకు దగ్గుతూ, అమ్మవారితో ఆడుకుంటున్నావని నన్ను తిట్టి, తను చెంపలేసుకుంది. తిట్టింది గానీ బయట మాత్రం చెప్పలేదు. పిండి అమ్ముడుపోవాలని ఆమెకూ ఉంది.

మండ కట్టిన మర్నాడు మేడ మీది ఆమె, పాప పైకి రావడం లేదేమని తలుపు తోసుకుని వచ్చేసింది. నేను గ్రైండరు దగ్గర ఉన్నాను. చేతులు కడుక్కుని వెళ్ళేసరికి మంచం పక్కన కూర్చుని ఉంది. పొక్కులు చూసింది, మండ చూసింది. వాళ్ళ ఊళ్ళో కూడా దీన్ని అమ్మ అనే అంటారని చెప్పింది. పాప దురద అంటుంటే వేపరెబ్బతో నెమ్మదిగా నిమురుతూ కూర్చుంది. నేను లెమ్మనలేదు. ఎవరితోనూ చెప్పొద్దని మాత్రం అన్నాను. తలూపింది. ఆదివారం అతను కూడా ముంజలు తెచ్చి పాపకు ఒలిచిపెట్టాడు. అప్పుడూ నేను ఏమీ అనలేదు.

తొమ్మిదో రోజు పాపకు తలకు నీళ్ళు పోశాము. ఆ పైన వారం దాటాక మేడ మీది అతనికి పోసింది.

తెల్లవారుజామున బస్సు ఎక్కగానే ముఖం మీది పొక్కులు చూసి తోటివాళ్ళు దించేశారట. నడకకు పోయిన పక్కింటాయన అది చూశాడు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. ఎనిమిదింటికల్లా మా గేటు ముందు వీధి వీధంతా చేరింది. కరోనా నాటి మాస్కులు ఎవరెక్కడ దాచుకున్నారో, అన్నీ బయటికొచ్చాయి. అప్పుడు చెన్నై నుంచి వచ్చేవాళ్ళు రాకుండా వీధి మొదట్లో కంపచెట్లు కొట్టి అడ్డం వేసినవాళ్ళే వీళ్ళందరూ. ఇప్పుడూ అవే మాటలు. వీళ్ళకు శుభ్రం లేదు, ఏం తింటారో తెలియదు, ఎక్కడెక్కడి జబ్బులో తెచ్చి మన పిల్లలకు అంటిస్తారు. ఆ ఇద్దరూ ఏడాదిగా సొంతూరి మొహం చూడలేదు. ఆ మాట ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

పాప నా కొంగు పట్టుకుని నిలబడి ఉంది. పక్కింటాయన దాని నుదురు వైపు వంగి చూశాడు.

"పాపకు మచ్చలుండాయే. వీళ్ళకాడ్నుంచే అంటుకునిందామ్మా?"

ఆయన తిట్టలేదు, నిలదీయలేదు. జాలిగా అడిగాడు. దారి ఆయనే వేసిపెట్టాడు, నేను నడిస్తే చాలు.

"అవునన్నా," అన్నాను.

పాప తలెత్తి నా ముఖంలోకి చూసింది. మెట్ల మీద నిలబడి ఆమె కూడా చూసింది. ఆ ఒక్క మాట అర్థమయ్యే తెలుగు ఆమెకు వచ్చు. ముందు ఎవరికి పోసిందో చెప్పే తెలుగు కూడా వచ్చు. చెప్పలేదు. చెప్పినా ఎవరూ నమ్మరని తెలుసుకునేంతగా మా ఊరు ఆమెకు అర్థమైపోయిందేమో. నాకు సిగ్గు వేయలేదు, ఏడుపూ రాలేదు. గంటలకొద్దీ పిండి కలిపితే చెయ్యి తిమ్మిరెక్కుతుంది కదా, మనిషంతా అలా అయిపోయాను.

పొక్కులు ఎండేదాకా పది రోజులు ఉండనివ్వమని, గది గడప కూడా దాటనని అతను అడిగాడు. వీధిని కాదు, నన్ను అడిగాడు. ఇల్లు నాది. అందరూ నా వైపు తిరిగారు. మధ్యాహ్నానికి ఖాళీ చేయమన్నాను.

ఆటో ఒక్కటీ రాలేదు. స్టేషనుకు నడిచే వెళ్ళారు. రేణిగుంటలో ఏ రైలు మారాలో పక్కింటాయనే దూరం నుంచి వివరంగా చెప్పాడు. నేను పులిహోర పొట్లం కట్టిచ్చాను. ఆమె తీసుకుంది. పాప పిన్నీ అంటూ పరిగెత్తబోతే చెయ్యి అడ్డంగా చాచి, దగ్గరికి రావద్దంది. ఒకసారి వచ్చినదానికి మళ్ళీ రాదని ఆమెకు తెలియదేమో. లేక వీధి చూస్తోందని అందేమో.

సాయంత్రం మెట్లన్నీ పసుపునీళ్ళతో కడిగాను. మర్నాటి నుంచి పిండికి ఎప్పటికంటే ఎక్కువమంది వచ్చారు. పాపం, పరాయివాళ్ళను ఇంట్లో పెట్టుకుని బిడ్డ మీదికి తెచ్చుకుందని నన్ను ఓదార్చారు. మా అత్త మాత్రం వాళ్ళు వెళ్ళిన రాత్రి అన్నం ముందు కూర్చుని, "కడుపుతో ఉండే బిడ్డను ఎండలో నడిపించినామే," అంది. నేను మజ్జిగ పోశాను.

పాప రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు జడ వేస్తుంటే అడిగింది.

"నాకే కదమ్మా ముందు పోసింది?"

జడ వేసి బడికి పంపాను.

ఇరవై రోజులకు అతను ఫోన్ చేశాడు. అతనికి తెలుగు అంతంతమాత్రం. వాళ్ళ ఊరికి చేరారట. అక్కడ ఆమెకు పోసిందట, జ్వరం దిగడం లేదట. పాపకు ఏమేం చేశానో నన్ను అడిగి కనుక్కోమని ఆమే చెప్పిందట.

"మీ పాపకి ఎన్ని రోజులకి తగ్గింది అక్కా?"

గొంతులో కోపం లేదు. ఉంటుందని ఎదురుచూశాను. తొమ్మిది రోజులని చెప్పాను. వేపాకు, పసుపు, కొబ్బరినీళ్ళు, నాకు తెలిసినవన్నీ చెప్పాను. ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళమని, కడుపుతో ఉందని డాక్టరుకు తప్పకుండా చెప్పమని రెండుసార్లు చెప్పాను. సరే అక్కా అన్నాడు. పాప బాగుందా అని అడిగి పెట్టేశాడు.

రెండేళ్ళయింది. నంబరు నా ఫోన్లోనే ఉంది. చేయలేదు. ఏం వినాల్సి వస్తుందోనని భయం. జబ్బుకు భయపడిన దానికంటే ఎక్కువ భయం.

మొన్న అన్నం తింటూ పాప అడిగింది, పిన్నికి బాబు పుట్టాడా, పాప పుట్టిందా అని. పాప అని చెప్పాను. పేరేమిటంది. కనుక్కుని చెప్తానన్నాను.