ఎర్ర ముద్ర వేసింది నేనే

ఒక మాటను మింగలేక, కక్కలేక ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్నాను. మోస్తూనే పెళ్లి చేసుకున్నాను, ఇల్లు కొనుక్కున్నాను, ప్రమోషన్లు తీసుకున్నాను. నిజాయితీ గురించి వ్యాసం రాసుకు రమ్మని బడిలో చెబితే, మా అమ్మాయికి కూర్చుని రాసిపెట్టాను కూడా. దానికి మొదటి బహుమతి వచ్చింది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ల ముందు నా నోరు పెగలదు. ఎన్నిసార్లు ప్రయత్నించలేదు గనక? నా భార్యకు చెబుదామని కూర్చోబెట్టి, తీరా కరెంటు బిల్లు గురించి మాట్లాడి లేచాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. చివరిదాకా వినండి, చాలు.

తొంభైల చివరి సంవత్సరాలు. మాదాపూర్ అంటే అప్పుడు బండరాళ్లు, వాటి మధ్య లేస్తున్న అద్దాల మేడలు. అందులో ఒక మేడలో ఒక జపాన్ కంపెనీ ఆఫీసు తెరిచింది. నేను గుంటూరు వైపు నుంచి వచ్చినవాణ్ణి. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం దొరక్క, సాయంకాలం క్లాసులో జపనీస్ నేర్చుకున్నాను. ఆ భాష పుణ్యమా అని, సగం ఇంజనీరుగా సగం దుబాసీగా హిరానో గారి దగ్గర చేరాను.

హిరానో గారు ఆ ఆఫీసుకు పెద్ద. కానీ పెద్దగా పుట్టిన మనిషి కాదు. పంపుల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా మొదలై ఇరవై ఏళ్లు నూనె చేతులతోనే గడిపారాయన. ఆ తరవాతే కోటు, టై, మీటింగులు. హైదరాబాదు ఆఫీసును నిలబెట్టి వెళితే జపాన్‌లో డైరెక్టరు కుర్చీ ఖాయమని అందరికీ తెలుసు. అయినా కోటు మీద ఫ్యాక్టరీ నాటి బూడిదరంగు జాకెట్ వేసుకునే వచ్చేవారు. మా మేనేజర్లు వెనకాల నవ్వుకునేవారు. నేనూ నవ్వాను. నెలకోసారి ఆయన ఇంట్లో భోజనం చేస్తూ కూడా, బయటికొచ్చి నవ్వాను.

ఆయనకొక పద్ధతి ఉండేది. యంత్రం దగ్గర ఏ పని చేసినా ముందు మీటను వేలితో చూపించాలి, చూసింది పైకి గట్టిగా చెప్పాలి. కళ్లు మోసం చేస్తాయట, వేలూ నోరూ కూడా కలిస్తే చెయ్యవట. టై కట్టుకున్న మాకు అది చిన్నపిల్లల ఆటలా ఉండేది. మా ఎలక్ట్రీషియన్ యాదయ్య ఒక్కడే దాన్ని మనసుపెట్టి పట్టుకున్నాడు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, బోరబండలో ఒక గది కిరాయికి తీసుకుని, భార్యతో ఇద్దరు ఆడపిల్లలతో ఉండేవాడు. కాంట్రాక్టరు కింద పని. చదువు రాదు. కానీ చెయ్యి బంగారం. మీట వైపు వేలు చాచి "చూసిన! బందున్నది!" అని కేక పెట్టేవాడు. హిరానో గారు పక్కన నిలబడి, అదే వేలు చాచి, అదే యాసలో "చూసిన!" అనేవారు. ఆయనకు వచ్చిన మొదటి తెలుగు మాట అదే. ఆ ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా నాకంటే వాళ్లిద్దరే ఒకరికొకరు బాగా అర్థమయ్యేవారు. చెప్పొద్దూ, నాకది కడుపుమంటగా ఉండేది.

యాదయ్య నాకంటే పదేళ్లు పెద్ద. నేను "నువ్వు" అనేవాణ్ణి. అతను "మీరు" అనేవాడు.

ఇంకో పద్ధతి, ముద్ర. జపాన్‌లో సంతకం బదులు పేరు చెక్కిన చిన్న ముద్ర వేస్తారు, ఎర్ర సిరాతో. మా దగ్గర తనిఖీ కాగితం మీద హిరానో గారి ముద్ర పడితే తప్ప ఎవరూ ప్యానెల్ తలుపు తెరవకూడదు. చదువు రాని యాదయ్యకు కూడా ఆ కాగితం అర్థమయ్యేది. ఎర్రగా ఉంటే చెయ్యి పెట్టొచ్చు, లేకపోతే లేదు. ఆ ముద్ర ఎవరికీ ఇవ్వకూడని వస్తువు. అలాంటిది ఒకరోజు ఆయన దాన్ని నా చేతిలో పెట్టారు.

ఆ రోజు హెడ్డాఫీసు నుంచి పెద్దలు వచ్చారు. పొద్దున్నే కాంటీన్ ప్యానెల్ దగ్గర కాలిన వాసన వస్తోందని యాదయ్య చెప్పాడు. ఎక్కడో బోల్టు వదులైంది. మధ్యాహ్నం అతిథుల భోజనం కాంటీన్‌లోనే, ఆలోపు మెయిన్ ఆపి బిగించాలి. ఆ ప్యానెల్‌కు కింద సెల్లార్‌లో ఒక చిన్న జనరేటర్ ఉంది. కరెంటు పోతే కాసేపటికి తనంతట తానే మొదలవుతుంది. కాబట్టి ముందు ఒకరు సెల్లార్‌కు వెళ్లి, దాన్ని ఆఫ్‌లో పెట్టి, తాళం వేసి రావాలి. అదెప్పుడూ హిరానో గారే చేసేవారు. ఆ రోజు అతిథులను వదిలి కదల్లేకపోయారు. జేబులోంచి ముద్ర తీసి నాకిచ్చి, "ఈ పూట నువ్వే నేను" అన్నారు.

పొంగిపోయాను. ఆ మాట దాచను. ముద్రను పిడికిట్లో పట్టుకుని సెల్లార్ మెట్లు దిగాను. సగం మెట్ల దాకా దిగాను. కింద ముందురోజు వానకు నీరు చేరి ఉంది, మడమ మునిగేంత, నల్లటి బురద నీరు. నా కాళ్లకు కొత్త బూట్లున్నాయి. అబిడ్స్‌లో రెండు గంటలు తిరిగి, పై అంతస్తులో అతిథులతో తీసుకునే గ్రూపు ఫొటో కోసమే కొన్న బూట్లు.

ఆ మెట్టు మీద ఎంతసేపు నిలబడ్డాను? అర నిమిషం కూడా ఉండదు. జనరేటర్ నిన్న ఆఫ్‌లోనే ఉంది కదా అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక ఆ తరవాత నన్ను నేను సముదాయించుకోడానికి కల్పించుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను. వెనక్కి తిరిగాను.

ప్యానెల్ దగ్గర యాదయ్య ఎదురుచూస్తున్నాడు. "చూసిండ్రా సార్?" అన్నాడు. "చూశాను, కానియ్" అన్నాను. కాగితాన్ని ప్యానెల్ తలుపుకు ఆనించి హిరానో గారి ముద్ర గట్టిగా అదిమాను. బాగా పడింది. పైకి వెళ్లాను.

అందరం వరసలో నిలబడ్డాం. ఫొటో తీసేవాడు నవ్వమన్నాడు. అప్పుడు కింద జనరేటర్ మొదలైన చప్పుడు వినిపించింది. ఆ వరసలో ఆ చప్పుడుకు అర్థం తెలిసినవాళ్లం ఇద్దరం. హిరానో గారు వరసలోంచి విడివడి మెట్ల వైపు పరుగెత్తారు. నేను నవ్వుతూనే ఉన్నాను. ఆ ఫొటో చాలా ఏళ్లు మా హాల్లో వేలాడింది. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ చివర నేను, పళ్లన్నీ కనబడుతూ, బూట్లు తళతళలాడుతూ.

యాదయ్య బతికాడు. కుడిచెయ్యి మోచేతి కింద నుంచి కాలిపోయింది. వేళ్లు రెండు తీసేశారు, మిగిలినవి మళ్లీ ముడుచుకోలేదు.

నాలుగోరోజు హిరానో గారితో దవాఖానకు వెళ్లాను. యాదయ్య వాంగ్మూలం రాసుకు రమ్మని కాంట్రాక్టరు, మా మేనేజర్లు నన్నే పంపారు. తెలుగూ జపనీసూ రెండూ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. యాదయ్య నన్ను చూసి లేవబోయాడు.

"సార్, జర జపాన్ సారుకు చెప్పుండ్రి. నేను టెస్టర్ వెట్టి చూసిన, కరెంటు లేదు. కింద మీరు చూసిన అని చెప్తిరి. ఎర్ర ముద్ర గూడ ఉండె. గందుకే చెయ్యి వెట్టిన. నా తప్పేంది సార్? గింత చెప్పుండ్రి, సాలు."

అతని గొంతులో నింద లేదు. తను నన్ను పట్టిస్తున్నానని కూడా అతనికి తెలియదు. నేను సెల్లార్‌కు వెళ్లలేదన్న సంగతి అతనికేం తెలుసు? నేను చూసొచ్చాక జనరేటర్ ఎలాగో పాడై ఉంటుందనుకున్నాడు. తనను చేతకానివాడని ఆ పెద్దాయన అనుకోకూడదు. అతను అడిగింది అంతే.

హిరానో గారు నా వైపు తిరిగి, "ఏమంటున్నాడు?" అన్నారు.

"తొందరలో సరిగ్గా చూసుకోలేదంటున్నాడు" అన్నాను.

జపనీస్‌లో ఆ వాక్యం చాలా చక్కగా వచ్చింది. తడబడలేదు. తరవాత వాంగ్మూలం రాశాను. 'తొందరపాటుతో నా తప్పు వల్లనే ప్రమాదం జరిగింది' అని అతని మాటగా రాశాను. చదివి వినిపించమన్నాడు. అతను చెప్పింది చెప్పినట్టే చదివాను, కాగితం మీద లేనిదంతా చదివాను. అతను తృప్తిగా తలూపాడు. కుడిచేతికి కట్టు, అందుకని ఎడమచేతి బొటనవేలు నేనే పట్టుకుని ముద్ర వేయించాను. ఆ వేలు వెచ్చగా ఉంది. జ్వరం.

చేస్తున్నప్పుడు నాకేమనిపించిందో మీరు అడుగుతారు. సిగ్గనిపించిందా? లేదు. పని సాఫీగా అయిపోతోందనిపించింది. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

వారం తరవాత విచారణ. బల్లకు ఒకవైపు హెడ్డాఫీసువాళ్లు, ఇంకోవైపు మనవాళ్లు, మధ్యలో మాట అటూ ఇటూ చేరవేస్తూ నేను. మనవాళ్లు వాంగ్మూలం చూపించి పనివాడి తప్పే అన్నారు. వ్యవహారం ముగిసిపోయేదే. హిరానో గారు లేచి నిలబడ్డారు. "పనివాడు నా ముద్ర చూసి చెయ్యి పెట్టాడు. తప్పు నాది" అన్నారు. ఆ సమయంలో మీరు పైన ఉన్నారు కదా, ముద్ర ఎవరికిచ్చారు అని హెడ్డాఫీసువాళ్లలో ఒకాయన అడిగారు. హిరానో గారు నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. "ముద్ర నాది" అని, నడుము దాకా వంగి, చాలాసేపు అలాగే ఉన్నారు.

నేను మనవాళ్లకు అనువాదం చేశాను. ఆ ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు చేశాను.

నెల తిరక్కుండా ఆయన్ను వెనక్కి పిలిచారు. డైరెక్టరు కుర్చీ ఇంకెవరికో పోయింది. ఆయనకు పని లేని ఒక బల్ల, ఒక కిటికీ ఇచ్చారని తరవాత విన్నాను. కాంట్రాక్టరు నేను రాసిన కాగితం చూపించి యాదయ్యను పనిలోంచి తీసేశాడు. ఇద్దరూ వెళ్లిపోయారు. నేను మిగిలాను. ఆ ఆఫీసు పద్ధతులు తెలిసినవాణ్ణి కదా, హిరానో గారు చేసే తనిఖీలన్నీ నాకప్పగించారు. నా పేరుతో ఒక ముద్ర కూడా చేయించారు.

ఆయన్ను విమానాశ్రయానికి దింపడానికి నేనే వెళ్లాను. కారు బేగంపేట చేరింది. దిగేముందు అడిగారు.

"దవాఖానలో యాదయ్య చెప్పిందంతా నాకు చెప్పావా?"

"చెప్పానండి."

"'చూసిన' అన్నాడు. రెండుసార్లు అన్నాడు."

ఆయన ఇంకొంచెంసేపు ఆగారు. నాకోసమే ఆగారని ఇప్పుడు తెలుస్తోంది. ఆ కాసేపట్లో నేను నోరు విప్పి ఉంటే ఆయన విమానం ఎక్కేవారా? ఎక్కేవారేమో. కానీ యాదయ్య కాగితం మారేది. ఆయన ఆగింది దానికోసం. నేను డిక్కీలోంచి పెట్టె దించాను.

అప్పటినుంచి ఏటా జనవరిలో ఆయన దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చేది. కుశల ప్రశ్న ఉండదు, మందలింపు ఉండదు. నా పేరు, కింద అదే ఎర్ర ముద్ర. పదకొండు కార్డులు వచ్చాయి. తరవాత రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కునే ధైర్యం చేయలేదు. ఒక్కదానికీ జవాబు రాయలేదు.

నేనేమయ్యానో కూడా చెప్పాలి. చాలా పెద్దవాణ్ణయ్యాను. కొత్తగా చేరిన పిల్లలకు భద్రత మీద ఉపన్యాసం ఇస్తాను. అందులో హిరానో గారి కథ చెబుతాను. సిబ్బందిలో ఎవరో చేసిన తప్పును ఆయన తన తల మీద వేసుకున్నారని చెబుతాను. "ఎవరో" అనే మాట దగ్గర గొంతు కొంచెం వణికిస్తాను. చప్పట్లు కొడతారు. కొందరు కళ్లు తుడుచుకుంటారు. నా బతుకు మీద నేనే ఉమ్మేసుకోవాలి, కానీ ఆ చప్పట్లు కూడా నాకు బాగానే ఉంటాయి.

యాదయ్య ఎక్కడున్నాడో నాకు తెలుసు. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ల ముందు గేటు దగ్గర కుర్చీలో ఉంటాడు. మూడేళ్ల కిందట వాచ్‌మన్‌గా చేరాడు. ఎడమచేత్తో అడ్డకర్ర ఎత్తుతాడు. మొదటిరోజు కారు అద్దంలోంచి నన్ను గుర్తుపట్టి మొహమంతా నవ్వాడు. "మంచిగున్నరా సార్? జపాన్ సారు మంచిగున్నడా?" అన్నాడు. నేను తలూపాను. తను వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో అతనికి ఇప్పటికీ తెలియదు. ఆ మర్నాటి నుంచి వెనక గేటు నుంచి వెళుతున్నాను. చుట్టూ తిరగాలి, రోజూ పావుగంట ఆలస్యం. రోడ్డు బాగుంటుందని ఇంట్లో చెప్పాను.

ఇదంతా మీకు రాసినంత మాత్రాన అతని చెయ్యి రాదు, ఆయన కుర్చీ రాదు. రేపు పొద్దున ముందు గేటు నుంచి వెళతానా? మాటివ్వలేను. నా మాటకు విలువెంతో మీకిప్పుడు తెలుసు.

కానీ ఇందాక ఒక పని చేశాను. ఇంట్లో ఎవరూ లేరు. రాసిన ఈ కాగితాన్ని బల్ల మీద పరిచి, వేలు చాచి, ఒక్కొక్క వాక్యాన్నీ చూపిస్తూ పైకి చదివాను, హిరానో గారు నేర్పినట్టు, నేను నవ్విన ఆ పద్ధతిలోనే. చివర ఇది కూడా గట్టిగా అన్నాను. ఆ రోజు నేను సెల్లార్‌లోకి దిగలేదు. నేను చూడలేదు.

తరవాత లేచి మంచినీళ్లు తాగాను. నీళ్లు గొంతులో అడ్డం పడకుండా దిగాయి.