బొట్టు పైకి పెట్టి బిగించిన బ్లేడు

ముందుగా క్షమించండి. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఆలూరు పక్కన మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను, అది కూడా చేలో పని లేని నెలల్లో. ఒత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ సరిగా రావు. మన కాలనీవాళ్ళ పత్రిక వేసేవాళ్ళు తప్పులు దిద్దండి. మాటలు మాత్రం మార్చవద్దు.

మన సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో గడ్డి కోసే మిషన్లు చూసుకున్న మేస్త్రి పోయాడు. పోయిన మంగళవారం ఎర్రగుంట్ల నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున కాఫీ తాగి గోడకు ఆనుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదట. నేను వెళ్ళేసరికి పెట్టెలో పెట్టేశారు. కొత్త తెల్లచొక్కా వేశారు. చేతులు మాత్రం కనిపించాయి. గోళ్ళ కింద నలుపు అట్లాగే ఉంది.

సమాధుల దగ్గర మనవాళ్ళు ఏడెనిమిది మంది వచ్చారు. మట్టి వేశాక, స్టోర్సులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు అన్నారు. "మంచోడేలే పాపం. ఆ బ్లేడు పొరపాటొక్కటి చేయకుండా ఉండింటే." అందరూ తలలూపారు. నేను కూడా ఊపాను. అందుకే ఇది రాస్తున్నాను.

మీలో చాలామందికి ఆ లాను గుర్తుండే ఉంటుంది. గెస్టు హౌసు ముందర అంత పచ్చిక, చుట్టూ తెల్లటి దుమ్ము. కాలనీలో మనకు బిందెలతో నీళ్ళు వచ్చే రోజుల్లో కూడా దానికి పైపు నడిచేది. నేను అక్కడ తోటపని చేశాను. మొదట్లో మిషన్ తోస్తే చేతులు మోచేతుల దాకా తిమ్మిరెక్కేవి. సాయంత్రం అన్నం ముద్ద కలపలేకపోయేవాడిని. మా ఇంటిది తినిపించాల్సి వచ్చేది. మిషన్ అంటే అట్లాగే వణుకుతుందేమో అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడగడం నాకు ముందు నుంచీ రాదు.

మేస్త్రి కొత్తగా చేరిన వారం. డోన్‌లో ఏదో షెడ్డులో పని నేర్చుకుని వచ్చాడని విన్నాను. కాంట్రాక్టు మనిషి. నేను గడ్డి కోస్తుంటే దూరం నుంచి వచ్చి మిషన్ ఆపేశాడు.

"ఏమప్పా, దయ్యం పట్టినట్ల వణుకుతాంటే అట్లే తోస్తాండావే?"

"మొదట్నుంచి అట్లే ఉండాదన్నా."

"మొదట్నుంచి ఉంటే? నీకు నోరు ల్యాదా? మీ ఆలూరోళ్ళకు నోట్లో నాలుక బదులు చెప్పు ముక్క పెట్టినారా ఏం?"

నేను నవ్వాను. మేస్త్రి నవ్వలేదు. ముందు ప్లగ్గు వైరు పీకేశాడు. "ఇది పీకకుండా బ్లేడు కాడికి చెయ్యి పోతే, ఆ చెయ్యి మళ్ళా ఇంటికి రాదు" అన్నాడు. మిషన్‌ను పక్కకు ఒరిగించి, పానాతో బోల్టు విప్పి బ్లేడు బయటికి తీశాడు. దానికి అంటిన ఎండుగడ్డి, మట్టి అంతా గీకాడు. "మట్టి బరువును ఇనుము బరువనుకుంటే మోసపోతాం" అన్నాడు. తర్వాత షెడ్డు గోడకు ఒక మేకు కొట్టి, బ్లేడును మధ్య రంధ్రంలో దానికి తగిలించాడు. ఒక చివర నెమ్మదిగా కిందికి దిగింది.

"సూడు. ఈ పక్క బరువు. ముందరోడు ఒక పక్కే సాన పట్టి పట్టి రెండో పక్క వదిలేసినాడు. మిషన్ తిరుగుతాంటే ఈ బరువు అంతా నీ చేతుల్లోకి వస్తాండాది."

బరువున్న పక్కనే ఆకురాయితో రాశాడు. తేలికపక్క ముట్టుకోలేదు. మళ్ళీ మేకుకు తగిలించాడు. ఇంకా దిగింది. మళ్ళీ రాశాడు. మధ్యాహ్నం సైరన్ మోగింది. అందరూ అన్నానికి పోయారు. మేస్త్రి పోలేదు. చివరికి బ్లేడు ఆ మేకు మీద అడ్డంగా, ఎటూ ఒరగకుండా నిలబడింది. గాలికి కొంచెం ఊగింది, అంతే. ఆ సాయంత్రం అన్నం నేనే కలుపుకున్నాను.

ఆయనకు కొన్ని పద్ధతులు ఉండేవి. గ్రైండరు మీద రాసేటప్పుడు పక్కన నీళ్ళ డబ్బా ఉండాలి. ఇనుము నీలం తిరిగితే ఆ బ్లేడు పోయినట్టే అనేవాడు. అంచు మరీ పదును చేయనిచ్చేవాడు కాదు. "గడ్డం గీసుకుంటావా దీంతో? మన నేలలో గడ్డి కన్నా రాళ్ళెక్కువ. పదును శానా పెడితే మొదటి రాయికే పన్ను ఊడుతాది." రాసిన ప్రతి బ్లేడుకూ కిందికి రావాల్సిన పక్క సుద్దముక్కతో ఒక గీత గీసేవాడు. బిగించడం మాత్రం ఆయనే బిగించాలి. "నేను లేకుండా బ్లేడు బిగించద్దు. ఎంత దొర వచ్చినా సరే" అని నాతో ఎన్నిసార్లు అన్నాడో.

ఆయన చర్చికి పోయే మనిషి. ఆదివారం పనికి పిలిస్తే వచ్చేవాడు కాదు. నేను దసరాకు ఆయుధ పూజ చేసేవాడిని. అన్ని మిషన్లూ, పారలూ, కొడవళ్ళూ కడిగి బొట్లు పెట్టేవాడిని. ఆయన కుర్చీ వేసుకుని చూసేవాడు.

"పెట్టుకోప్పా, నీ మిషన్‌కు నువ్వు పెట్టుకో. నా ఆకురాయికి మాత్రం పసుపు పుయ్యద్దు, జారుతాది. నిమ్మకాయ కోస్తే సగం నాకియ్యి, మజ్జిగలో పిండుకుంటా."

ఇచ్చేవాడిని. తాగేవాడు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను.

ఆ ఏడాది ఆయుధ పూజకు బ్లేడు విప్పి, శుభ్రంగా కడిగాను. మేస్త్రి ముందురోజే దాన్ని సరిచూసి బిగించి ఇచ్చాడు. నేను కడిగిన నీళ్ళకు సుద్దగీత పోయింది. నేలవైపు ఉండే వెనక పక్క చదునుగా, నున్నగా ఉంటుంది కదా, పసుపు రాసి కుంకుమ బొట్టు అక్కడ పెట్టాను. మరునాడు పండగ. ఆ తర్వాతి రోజు ఆదివారం. ఆ ఆదివారం పొద్దున్నే ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. పెద్ద సారు మధ్యాహ్నానికి వస్తున్నారు, లాను కోయాలి అన్నాడు. మేస్త్రి చర్చిలో ఉన్నాడు.

నేనే బిగించాను.

సుద్దగీత లేదు గనక తెలియక తిప్పి పెట్టానని మీరు అనుకోవచ్చు. కాదు. బ్లేడు చివర్ల వంపు పైకి ఉండాలని నాకు తెలుసు. అన్నేళ్ళు ఆ మిషన్ తోసినవాడిని. కానీ సరిగా పెడితే బొట్టు నేలకు పోతుంది. మట్టిలో, గడ్డిలో రాసుకుంటుంది. పెట్టి రెండు రోజులు కాలేదు. తుడవడానికి చేయి రాలేదు. ఒక్కపూటే కదా, సారు పోయాక తిప్పి బిగిద్దాం అనుకున్నాను. బొట్టు పైకి పెట్టి, వంపు కిందికి పెట్టి బిగించాను.

వంపు కిందికి ఉంటే అది నేలను గీరుతుంది. గడ్డి తెగలేదు, నలిగింది. సారు కారు గేటులోకి వచ్చేటప్పుడు బ్లేడుకు రాయి తగిలింది. ఎగిరి కారు అద్దానికి కొట్టింది. డ్రైవరు దవడ మీద గాజు కోసుకుంది. రక్తం చూసి నేను మిషన్ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

ఎవరో పోయి మేస్త్రిని చర్చి నుంచి పిలుచుకొచ్చారు. మిషన్ చుట్టూ మేనేజరు, ఆఫీసువాళ్ళు, కాలనీలో సగం మంది. మేస్త్రి ప్లగ్గు వైరు పీకాడు. మిషన్ ఒరిగించి, ఒక్కడే వంగి కిందికి చూశాడు. చేయి లోపలికి పెట్టి బ్లేడు పైన తడిమాడు. చేయి బయటికి తీసినప్పుడు వేలికి కుంకుమ ఉంది. నా వైపు చూశాడు. తర్వాత పిడికెడు గడ్డి పీకి, ఆ చేయి మళ్ళీ లోపలికి పెట్టి తుడిచేశాడు. ఆ తుడవడం ఆయనా నేనూ తప్ప ఎవరూ చూడలేదు.

"బ్లేడు తిరగబడి ఉందే, ఎవరు బిగించింది?" మేనేజరు వంగి చూసి అడిగాడు.

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. ఇది సాకుగా చెప్పడం లేదు. రాలేదు, అంతే.

"నేనే సార్. శుక్రవారమే బిగించి పోయినా. కండ్లు ఆనడంల్యా ఈ మధ్య" అన్నాడు మేస్త్రి.

వెనక ఎవరో అన్నారు. "పూజలో చెయ్యి పెట్టనోని చేతికి మిషన్లిస్తే ఇంతే." అది ఆయన విన్నాడు. బొట్టు సంగతి ఒక్క మాట అని ఉంటే చాలు, అనలేదు.

గేటు బయట ఆయన్ను పట్టుకున్నాను. ఏడుపు వస్తోంది నాకు.

"అన్నా, నేను పోయి చెప్తా."

"గమ్మునుండు. వచ్చే నెల నీకు పర్మినెంటు ఆర్డరు వస్తాదని ఆఫీసులో అనుకుంటాండారు. ఎన్నేండ్ల నుంచి కాసుకోని ఉండావు? నాకు ఏ ఆర్డరూ రాదు, ఏ ఆర్డరూ పోదు. నాది కాంట్రాక్టు."

"తప్పు నాది గదన్నా."

"తప్పేలే. నేను లేకుండా బిగించద్దని చెప్పింటి. చెవుల్లో ఏం పెట్టుకున్నావు?" అని, గేటు వైపు చెయ్యి చూపి, "ఇంగ పో. నిన్ను చూస్తే కోపమొస్తాంది" అన్నాడు.

కోపం నా మీదే. ఆ కోపంతోనే నా తప్పు నెత్తిన వేసుకుని పోయాడు.

ఆయన్ను మళ్ళీ గేటులోకి రానివ్వలేదు. నాకు ఆర్డరు వచ్చింది. ఆ రోజు నేను ఆయన దగ్గరికి పోవాల్సింది. పోలేదు.

ఎర్రగుంట్ల రోడ్డు పక్కన, లారీలు ఆగే చోట ఆయన రేకుల షెడ్డు వేసుకున్నాడు. మటన్ కత్తులు, కొడవళ్ళు, టెంకాయలు కొట్టే కత్తులు సాన పట్టేవాడు. ఈ ఎండిన నేలలో గడ్డి కోసే మిషన్ ఇంకెవరికి ఉంటుంది? ఆయన చేతికి వచ్చిన పని ఒక్క చోటే ఉంది, ఆ చోటికే ఆయన పోకూడదు. బస్సు ఆ షెడ్డు ముందు నుంచి పోయినప్పుడు నేను అవతలి కిటికీ వైపు చూసేవాడిని.

రిటైరయ్యాక ఒక్కసారి పోయాను. మా ఇంటి కొడవలి సాకుగా పట్టుకుని పోయాను. ఆయన గుర్తుపట్టి కూడా కొడవలినే చూశాడు.

"లాను ఎట్లుండాది?"

"ఉండాదన్నా. కొత్త మిషన్లు వచ్చినాయి. బ్లేడు అరిగితే పారేసి కొత్తది వేస్తాండారు."

"పారేస్తారా?" అన్నాడు. చాలాసేపు కొడవలి రాశాడు. "సరిచూడకుండా వేస్తారా కొత్తది?"

"సూడరన్నా."

"ఇప్పుడు తోసేవోని చేతులు ఎట్లుండాయో మరి" అన్నాడు. అంతే. నా చేతుల గురించి అడగలేదు, ఆ ఆదివారం గురించి అడగలేదు. నేనూ ఎత్తలేదు. కొడవలి తీసుకుని వచ్చేశాను. అదే చివరిసారి.

మట్టి వేసిన నాలుగో రోజు ఆయన భార్య దగ్గరికి వెళ్ళాను. ఆమె వసారాలో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కింద కూర్చున్నాను. ఈసారి మాట వచ్చింది. బొట్టు సంగతి, బ్లేడు సంగతి, గడ్డితో తుడిచిన సంగతి అంతా చెప్పాను. ఆయన ఇంట్లో అయినా నిజం చెప్పి ఉంటాడని నా మనసులో ఒక ఆశ ఉండేది. లేదు. ఆమెకూ అదే చెప్పాడు, కండ్లు ఆనలేదని.

ఆమె ఏడవలేదు.

"అన్నం పెడతా తిట్టినానప్పా ఆ మనిషిని. కండ్లు కనపడనోడివి మిషన్ ఎందుకు ముట్టుకుంటివి అని. మన బతుకు గేటు బయట పడేస్తివే అని. ఎన్నేండ్లు తిట్టినానో. తలకాయ వంచుకోని తింటాండె." చేటలో బియ్యం ఒకసారి చెరిగింది. "నాకు ఒక్కదానికన్నా చెప్పిండచ్చు గదప్పా నువ్వు. ఆయప్ప ఉన్నప్పుడు."



"క్షమించక్కా" అన్నాను.

"నన్నడిగితే? పదిమంది ముందర నెత్తిన ఏసుకున్నాడు. పదిమంది ముందరే తీసెయ్యాల. చర్చిలో ఆయప్ప కోసం ప్రార్థన కూడిక పెడతాండాం. ఆడికొచ్చి చెప్పు."

తల మళ్ళీ చేటలోకి వంచింది. నేను లేచి వచ్చేటప్పుడు చూశాను, చేటలో ఒక్క రాయి లేదు. ఆమె ఏరుతూనే ఉంది.

మేస్త్రి కండ్లు బాగానే ఆనేవి. ఆయన బిగించిన బ్లేడు ఒక్కటి కూడా ఎవరినీ గాయపెట్టలేదు. ఆ రోజు లాను చుట్టూ నిలబడినవాళ్ళు, సమాధుల దగ్గర తలలూపినవాళ్ళు ఈ మాట తెలుసుకోవాలి. పూజ గురించి వెనక నుంచి ఆ మాట అన్నవాళ్ళు ఎవరో, వాళ్ళు కూడా.

కూడిక వచ్చే నెల రెండో ఆదివారం. నాకు పదిమందిలో గొంతు పెగలదు, అది మీకు తెలుసు. మీలో ఎవరైనా వచ్చి ఈ కాగితం గట్టిగా చదవాలి. చదువుతున్నంతసేపూ నేను పక్కనే, అందరికీ కనబడేటట్టు నిలబడతాను. ఎవరు వస్తారో నాకు ఒక కార్డు రాయండి. ఆలస్యం చేయకండి. ఇప్పటికే నేను చేసింది చాలు.