చవక రీలుతో చూపు పరీక్ష

ఊళ్ళో ఫొటో స్టూడియో నడిపినంత కాలం మా ఆయనది ఒకటే మాట: మంచి ఫొటో అంటే కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టగలగాలి. ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో డాక్టరుగా ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చాక ఆయన చూపు తగ్గుతూ వచ్చింది. అమ్మాయికి హాస్పిటల్, అల్లుడికి సాఫ్ట్‌వేర్ పని. పుస్తకం చదివి వినిపించే తీరిక ఎవరికీ లేదు. అందుకని ఆ వయసులో నేను ఆయన దగ్గరే అక్షరాలు నేర్చుకున్నాను.

ఆయన పాత కెమెరా మాతోనే వచ్చింది. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి పైనున్న అద్దంలోకి చూసే రకం. దాంతో ఇంటిల్లిపాదికీ ఒక ఫొటో తీస్తానని అమ్మాయికి మాటిచ్చారు. తీయగలనో లేదోనన్న భయంతో వాయిదా వేస్తూ వచ్చారు. చివరికి మనవరాలి చేత ఆన్‌లైన్‌లో అన్నిటికన్నా చవక ఫిల్ము రీళ్ళు రెండు తెప్పించారు.

"ముందు వీటితో నా కళ్ళ సంగతి తేలాలి. బాగా వస్తే మంచి రీలు కొని అందరినీ నిలబెడతా. రాకపోతే కెమెరా మూసేస్తా."

వాన తెరిపిచ్చినప్పుడు పెరట్లో బట్టల తీగ ముందు కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు.

"మెడ పట్టేస్తోందండీ. టేపుతో దూరం కొలవరాదూ?"

"కొలిచేవాడు దర్జీ. నేను ఫొటోగ్రాఫర్ని. కదలకు."

ఫోకస్ మర ముందుకి తిప్పారు, వెనక్కి తిప్పారు, మళ్ళీ ముందుకి. ఒకప్పుడు ఒక్క తిప్పుతో అయిపోయేది. నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

రీలు కడగడానికి పోస్టులో పంపాం. ఫొటోలు రాగానే మనవరాలు కవరు చించి చూసింది.

"ఇట్స్ గ్రాండ్, తాతయ్యా!"

"ఈ దేశంలో కాలు విరిగినా గ్రాండే. అమ్మమ్మకివ్వు. ఏమే, నువ్వు చెప్పు."

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఫొటోలన్నిటి మీదా రవ్వ చల్లినట్టు చుక్కలున్నాయి. అది రీలు గుణం. కానీ నా వెనక తీగ మీది క్లిప్పులు, వాటి స్ప్రింగులతో సహా, స్పష్టంగా ఉన్నాయి. నా ముఖం మాత్రం ఆవిరిలో ఉన్నట్టుంది.

చవక రీలండీ అంటే సరిపోయేది. నమ్మేవారు. నమ్మి అందరినీ నిలబెట్టేవారు. అమ్మాయి సెలవు పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని నిలబడితే, తన ముఖం కాక వెనక గోడ స్పష్టంగా వచ్చేది.

"క్లిప్పులు బాగా వచ్చాయండీ," అన్నాను. "నేను రాలేదు."



"ఫిల్మ్ చీప్ కదా, తాతయ్యా," అంది మనవరాలు.

"రీలు పాపం ఏం చేసిందే. నేను చూపించిందే అది చూసింది."

మిగిలిన రీలు తెమ్మని, వేళ్ళతో తడుముతూ తడబడకుండా ఎక్కించారు. కెమెరా తోలు పట్టీ నా మెడలో వేశారు.

"మాటిచ్చింది నేను. తీసేది నువ్వు," అని పెరట్లోకి నడిచి కుర్చీలో కూర్చున్నారు.

తల వంచి అద్దంలోకి చూశాను. అందులో కుడి ఎడమలు తారుమారై, నేను కుడికి జరిగితే బొమ్మ కూడా కుడికే పోయింది. మర మెల్లగా తిప్పగా తిప్పగా, మసకలోంచి ఆయన ముఖం తేలింది. కళ్ళు స్పష్టంగా కనిపించాయి. అవి నన్ను కాదు, నా పక్కన ఖాళీని చూస్తున్నాయి.

"ఇటండీ," అన్నాను. "నా గొంతు వినబడే వైపు."

ఆయన తిరిగారు. నొక్కాను.