అమావాస్యకు విప్పిన కట్టు

మా ఇంట్లో ఎముకలు రెండే రకాలు: మూలుగ ఉన్నవి, లేనివి. నర్సింగు చదవడానికి తుమకూరు పోయేదాకా నాకూ అంతవరకే తెలుసు. అక్కడ మొదటి సంవత్సరంలో అనాటమీ మేడం ఒక ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని క్లాసులోకి తోసుకొచ్చి, ఎముకలు ఐదు రకాలని చెప్పింది. తొడ ఎముక, భుజాస్థి పొడవాటివి. మణికట్టులోవి పొట్టివి. పుర్రె పైభాగం, రెక్క ఎముక, రొమ్ము మధ్య ఉండే ఉరోస్థి బల్లపరుపువి. వెన్నుపూసలు ఏ ఆకారానికీ లొంగనివి. ఇక ఐదో రకం మోకాటి చిప్ప, కండరాన్ని ఎముకకు కట్టే నరం మధ్యలో నువ్వుగింజలా పుట్టేది. అన్నీ కలిపితే రెండువందల ఆరు. వాటిలో సగానికి పైగా చేతుల్లోనూ పాదాల్లోనూ ఉన్నాయని తెలిసినప్పుడు నాకు మేడం మీద ఊరికే కోపం వచ్చింది. ఇంత చిన్నచోట అన్ని పేర్లు ఎవడు పెట్టమన్నాడు?

పుస్తకంలో ఇంగ్లీషు, మేడం నోట కన్నడం, నా తలలో తెలుగు. నా గదిలో ఉండే మడకశిర అమ్మాయి తెలుగులో హైస్కూలు చదివింది కాబట్టి తెలుగు పేర్లు అందించేది. ముంజేతిలో రత్ని, అరత్ని, మణికట్టులో మణిబంధాస్థులు, అరచేతిలో కరభాస్థులు. సెలవులకు ఊరికొచ్చినప్పుడు అమ్మ కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని పెన్నుతో గీతలు గీస్తూ అవే వల్లించేదాన్ని.

"ఏంది మ్మే, నా చెయ్యి చదివితే పాసు చేస్తారా?" అనేది అమ్మ.

"కదలకుండా కూకో. ఇది అరత్ని."

"దానికి పేరు లేకపోయినా ఇన్నేండ్లు బాగానే పని చేసినాది."

మాది కన్నడ సీమలో, పావగడ దగ్గర, నిడుగల్లు కొండకోట కింద తెలుగు మాట్లాడే ఊరు. తాత కాలం దాకా గొర్రెల వాళ్లం. తర్వాత వేరుశనక్కాయ రైతులం. ఇప్పుడు మా చేను సోలార్ పలకల కింద ఉంది. అమ్మ తోటి ఆడవాళ్లతో కలిసి క్యాతగానచెర్లు వైపు ఆ పలకల వరసల్లో గడ్డి కొయ్యడానికి పోయేది. ఇంటి దగ్గర మాత్రం నాయన నాలుగు గొర్రెలను వదిలిపెట్టలేదు.

అమ్మ బొటనవేలి గురించి ఇక్కడే చెప్పాలి. రాగిముద్దను కట్టెతో కలియబెట్టి తొలిపి పళ్లెంలో పెట్టాక, తడి బొటనవేలితో దాని నడినెత్తిన ఒక్క నొక్కు నొక్కి, ఆ గుంటలో అనపగింజల పులుసు పోసేది. చిన్నప్పుడు ముద్ద వేడికి నా వేళ్లు కాలతాయని మొదలుపెట్టింది. నాకు పెళ్లీడు వచ్చినా మానలేదు. ఆ గుంట లేకపోతే నాకు ముద్ద దిగేది కాదు. హాస్టల్లో నేనే నొక్కుకునేదాన్ని గానీ, నా వేలికి ఆ లోతు రాలేదు.

రెండో సంవత్సరంలో ఉండగా అమ్మ పడింది. గొర్రెపిల్లొకటి పక్కింటి వాళ్ల వేరుశనగ కట్టె వామి మీదికి దూకబోతే, దాన్ని తరుముతూ గడప తగిలి అరచెయ్యి ఆనించి పడిపోయింది. పావగడలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీసి, బొటనవేలి కింద మణికట్టులో ఒక చిన్న ఎముక చిట్లిందని చెప్పి, బొటనవేలితో సహా ముంజేతి దాకా సిమెంటు కట్టు వేశాడు. ఆయన రమ్మనేదాకా విప్పకూడదని మరీ మరీ చెప్పాడు. నేనూ చెప్పి తుమకూరు బస్సెక్కాను.

ఆ తర్వాత ఒక ఆదివారం ఇంటికొస్తే, అమ్మ వాకిట్లో కూర్చుని ఎడమచేత్తో కుడి మణికట్టుకు ఆముదం రాసుకుంటోంది. కట్టు లేదు. గుమ్మం పక్కన బేసిన్‌లో మెత్తబడిన సిమెంటు ముక్కలు, దాని పక్కన గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర.

నాకు సంగతి అర్థమైంది. గొర్రెకు కాలు విరిగితే నాయన వెదురు బద్దలు పెట్టి, తెల్లసొనలో తడిపిన గుడ్డ చుట్టి కట్టు కడతాడు. దాన్ని విప్పడానికి మా వాళ్లకు అమావాస్యే గుర్తు. ఆ పొద్దున వేణ్నీళ్లతో నానబెట్టి, కత్తెరతో కోసి, గొర్రెను మందలోకి తోలతారు. ఇంకా ఉంచితే కీలు పట్టేస్తుందని, మందకు దూరమై మేత మానేస్తుందని భయం. ముందు రోజే అమావాస్య. అమ్మ దురదంది, నాయన నీళ్లు కాచాడు. ఇద్దరూ కూడబలుక్కుని మరీ చేశారు.

నా కోపం నసాళానికి అంటింది. చేతిలో సంచి విసిరికొట్టాను.

"ఎవరు విప్పమన్నారు నాయనా?"

"అమావాస్య అయిపోయినాది గదమ్మా. ఎన్ని గొర్రెలకు కట్టినాను, ఒకటన్నా కుంటినాదా?"

"అమ్మ గొర్రె కాదు!"

అమ్మ నవ్వింది. "ఈ మాట మీ నాయనకు చెప్పేదానికి ఇన్నేండ్లకు ఒకరు పుట్టినారు" అంది. నాకు నవ్వు రాలేదు. నాయన ముఖం చూస్తే ఇంకా తిట్టాలనీ అనిపించలేదు. ఎంత జాగ్రత్తగా కోశాడో ఆ ముక్కలే చెబుతున్నాయి. అమ్మ చర్మం మీద గీత కూడా పడలేదు.

మర్నాడు పావగడకు ముగ్గురమూ పోయాము. డాక్టరు అమ్మ బొటనవేలు పైకెత్తమన్నాడు. ఎత్తితే మణికట్టు పక్కన ఒక పల్లం తేలుతుంది. అందులో వేలు పెట్టి నొక్కగానే అమ్మ కెవ్వుమంది. ఎక్స్‌రేలో ఆ గీత అట్లాగే ఉంది. మళ్లీ కట్టు వేస్తానని, ఈసారి నెలల మాటేనని, అప్పటికీ అతక్కపోతే ఆపరేషన్ చేసి స్క్రూ వెయ్యాలని కన్నడంలో చెప్పాడు. స్క్రూ వేసినా బొటనవేలికి పట్టు పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు.

తిరుగు బస్సులో అమ్మ కొత్త కట్టు ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. "బొటనేలు పట్టకపోతే కొడవలి పట్టేదెట్ల మ్మే? ముద్ద తొలిపేదెట్ల?" అంది. నేను నర్సింగు చదువుతున్నదాన్ని, ధైర్యం చెప్పాల్సినదాన్ని. నాకు భయం వేసింది. అమ్మ భుజానికి తల ఆనించాను.

ఆ సాయంత్రం నాయన గొర్రెల్ని కట్టేసి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "కాలెముక అంత లావుండాది, అది బిరీన అతుకుతాది. ఈ గింజంత ఎముకకు ఏం రోగం?" అని అడిగాడు.

నేను నా చెయ్యి చాపి చూపించాను. మణికట్టులో ఎనిమిది పొట్టి ఎముకలు రెండు వరసల్లో ఉంటాయి. అమ్మకు విరిగింది బొటనవేలి వైపుది, పడవ ఆకారంలో ఉంటుంది, దాని పేరు కూడా పడవ మీదే పెట్టారు.

"పడవా? ఈ సీమలో పడవ యాడుండాది?" అంది అమ్మ.

"ఉండాది, నీ చేతిలోనే."

తర్వాత అసలు సంగతి చెప్పాను. ఆ ఎముకకు నెత్తురు అవతలి కొస నుంచి, అంటే వేళ్ల వైపు నుంచి వస్తుంది. అది నడిమికి విరిగితే ఇవతలి ముక్కకు నెత్తురు అందడం కష్టం. సన్నగా, ఆలస్యంగా అందుతుంది. అందుకే అతకడానికి అంత కాలం. మధ్యలో కదిలిస్తే అందేది కూడా ఆగిపోతుంది.

నాయన నా మణికట్టును వేలితో తడిమి చూశాడు. మాకు చేను ఉన్నప్పుడు మా బోరు నీళ్లు మొదటి మడికి గలగలా పారి, చివరి మడికి వచ్చేసరికి చెమ్మలాగా మిగిలేవి. ఆ చివరి మడి కోసం ఆయన గట్టు మీద పొద్దంతా కూర్చోవడం నేను చూశాను.

"అట్లయితే ఇది మన కడ మడి మాదిరి" అన్నాడు. "ఆడికి తడి ఎక్కేదాకా మోటారు ఆపకూడదు."

లేచి లోపలికి పోయి, బొచ్చు కత్తెర తెచ్చి ఒక పాత కంబళి ముక్కలో చుట్టి నా ఒళ్లో పెట్టాడు.

"నువ్వే తీసకపో. అమావాస్య వస్తే నా చెయ్యి ఊరుకోదు. మీ అమ్మ దురద అంటే అసలే ఊరుకోదు."

"మరి గొర్రెలకు బొచ్చు?"

"పెరగనీలే. వాటికేం పెండ్లా?"

అట్లా ఆ మూరెడు కత్తెర నాతో తుమకూరు వచ్చింది. హాస్టల్లో మంచం కింద పెట్టె అడుగున దాచాను. మడకశిర అమ్మాయి చూసి, ఎవరిని పొడవడానికి అని హడలిపోయింది. చెబితే పడీ పడీ నవ్వి, పరీక్షలో మణికట్టు ఎముకల ప్రశ్న వస్తే నీకు సగం మార్కులు మీ నాయన వల్లే అంది. ఆ ప్రశ్న రానే వచ్చింది. ఎనిమిదీ రాశాను, నెత్తురు ఎటు నుంచి పోతుందో బాణం గుర్తు కూడా వేశాను.

ఇంట్లో నాయన అమ్మను కంటికి రెప్పలా కాచాడు. స్నానానికి కట్టు మీద ప్లాస్టిక్ సంచి ఆయనే కట్టేవాడు. రాగిముద్ద కూడా ఆయనే తొలిపేవాడు. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ ఆ ముద్దలో గడ్డలు లెక్కపెట్టి చెప్పేది. "ఈయప్ప ముద్దకు కూడా ఎముకలుండాయి మ్మే" అనేది. అమావాస్యలు వచ్చిపోయాయి. నాయన ఆ రోజుల్లో పొద్దున్నే గొర్రెల్ని తోలుకుని కొండ దిక్కుకు పోయేవాడట, ఇంట్లో ఉంటే మనసు లాగుతుందని.

చివరికి డాక్టరు రమ్మన్న రోజు వచ్చింది, నేను తుమకూరు నుంచి నేరుగా పావగడ ఆస్పత్రికి చేరాను. డాక్టరు మిషన్‌తో కట్టు కోసి ఎక్స్‌రే తీశాడు. ఫిల్మును వెలుతురుకు పెట్టినప్పుడు నేను డాక్టరు కంటే ముందు చూశాను. పడవ మధ్యలో గీత లేదు. చిట్లిన చోట తెల్లటి మరక ఉంది, కొత్త ఎముక. డాక్టరు ఆ పల్లంలో మళ్లీ వేలు నొక్కాడు. అమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది, తర్వాత ఒక కన్ను తెరిచింది. "నొప్పి లేదప్పా" అంది, తనకే నమ్మకం లేనట్టు. నాయన ముఖం పక్కకు తిప్పుకుని తువ్వాలుతో తుడుచుకున్నాడు. నేనైతే అక్కడే ఏడ్చాను, సిగ్గుపడలేదు.

చెయ్యి సన్నబడింది, వేలు బిగుసుకుపోయింది. రోజూ గోరువెచ్చని నీళ్లలో పెట్టి గుడ్డను పిండమని నేర్పాను. ఉన్ని ఉండను పిసకమన్నాను. అమ్మ సణుగుతూనే చేసింది.

సెలవులకు నేను ఇల్లు చేరేసరికి గొర్రెలు బొచ్చుతో ఎలుగుబంట్లలా ఉన్నాయి. కత్తెర నాయన చేతికిచ్చాను. ఆయన కంబళి ముక్క విప్పి, పదును చూసుకుని దొడ్లోకి పోయాడు.

అమ్మ పొయ్యి దగ్గర ముద్ద తొలిపింది. గడ్డల్లేవు. పళ్లెంలో పెట్టి, బొటనవేలు తడి చేసుకుని నడినెత్తిన నొక్కింది. గుంట లోతుగా పడలేదు. పులుసు పోస్తే అంచు దాటి పళ్లెంలోకి కారింది. నేను అట్లాగే తినబోయాను.

"ఆగు" అంది అమ్మ. పళ్లెం తన దగ్గరికి లాక్కుని, అదే చోట వేలు పెట్టి, పెదవి బిగించి మళ్లీ నొక్కింది. గరిటెడు పులుసు పోసింది. ఈసారి నిలిచింది.